పొగ యంత్రంలో దొరికిన గుడ్డ

ఆ రోజు పొద్దున నేను వర్క్‌షాపు తాళం తీస్తుండగానే ఆసుపత్రి మేనేజరు ఫోన్ చేశాడు. "రెండో థియేటర్లో పొగ యంత్రానికి ఫిల్టర్ మార్చేయండి. ఇప్పుడే. మామూలు మెయింటెనెన్సే" అన్నాడు.

నాకు అక్కడే అనుమానం మొదలైంది. ఫిల్టర్ మార్చే గడువు ఇంకా రాలేదు. పైగా ఆయన అంతవరకూ ఏ యంత్రం గురించీ నాకు స్వయంగా ఫోన్ చేసింది లేదు, లిఫ్టు ఆగిపోయి తాను అందులో ఇరుక్కున్న రోజు తప్ప. అలాంటి మనిషి పొద్దున్నే ఫోన్ చేసి, నేను అడగకుండానే "మామూలే" అన్నాడంటే ఏదో జరిగే ఉండాలి.

నేను చంద్రపూర్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో యంత్రాల నిర్వహణ చూసేవాణ్ణి. నా ఉద్యోగమంతా అక్కడే గడిచింది. మా నాన్న బొగ్గు గనిలో పని కోసం కరీంనగర్ వైపు నుంచి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టి, మరాఠీ బడిలో చదివి, తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర దిద్దుకున్నాను. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. ఈ పనిలోకి ఇప్పుడు మన పిల్లలు చాలామంది వస్తున్నారు. కలిసినప్పుడల్లా, అన్నిటికన్నా కష్టమైన యంత్రం ఏదని అడుగుతారు. వెంటిలేటర్ అంటాననుకుంటారు. పొగ యంత్రం అంటాను. నవ్వుతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

పొగ అంటే మా ఊళ్లో ఎవరికీ కొత్త కాదు. ఒక పక్క విద్యుత్ కేంద్రం, ఇంకో పక్క గనులు, కోర్పనా దారి పడితే సిమెంటు. ఉతికి ఆరేసిన చొక్కాని దులిపి తొడుక్కోవడం ఇక్కడ అందరికీ అలవాటే. ఆపరేషన్ థియేటర్లో పొగ వేరు. ఇప్పుడు డాక్టర్లు చాలావరకు కరెంటుతో కోస్తారు, కరెంటుతోనే రక్తం ఆపుతారు. కండ కాలినప్పుడు వచ్చే పొగ అది. వాసన గొంతులో కూర్చుంటుంది. రోజూ పీలిస్తే తలనొప్పి, దగ్గు, కళ్ల మంట. దాన్ని గాయం దగ్గరే పీల్చేసుకునే యంత్రమే ఈ పొగ యంత్రం. ఒక గొట్టం, ఒక మోటారు, లోపల ముందు ఒక ముతక ఫిల్టర్, దాని వెనక సన్న ఫిల్టర్. గొట్టాన్ని ప్రతి ఆపరేషన్ తర్వాత మారుస్తారు. ముతక ఫిల్టర్ ఉండే చిన్న గది మూత మాత్రం తెరిచేది నేనే, అదీ కొన్ని నెలలకోసారి. గొట్టం మూతికి ఒక జల్లెడ తొడుగు ఉండాలి. మాది విరిగిపోయింది. నాగపూర్ నుంచి వస్తుందని చెబుతూనే ఉన్నారు. ఈ కథకి ఇంతకన్నా సాంకేతికం అక్కర్లేదు.

నేను వెళ్లేసరికి యంత్రం థియేటర్ బయట గదిలో సిద్ధంగా ఉంది. మామూలుగా నేను ఒకటికి నాలుగుసార్లు అడిగితేగానీ బయటికి తెచ్చి ఇచ్చేవాళ్లు కాదు. ఆ రోజు అది తెచ్చి పెట్టి ఉండటమే కాదు, పైనుంచి కిందిదాకా స్పిరిట్‌తో తుడిచి తళతళలాడుతోంది. పక్కన థియేటర్ టెక్నీషియన్ నిలబడి ఉన్నాడు. అతను విసాపూర్ మనిషి, మరాఠీవాడు. ఏళ్లతరబడి కలిసి పనిచేశాం, కలిసి తిన్నాం. నన్ను చూడగానే "ఏం భావూ" అని, అంటే ఏం అన్నా అని, అరిచేవాడు ఆ రోజు తల కూడా ఎత్తలేదు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు. మేనేజర్ సాహెబ్ చెప్పాడు, తెచ్చి పెట్టాను."

"తుడిచిందెవరు?"

"నేనే. ఏం, తుడవకూడదా?"

అంతలో మేనేజరే వచ్చాడు. మెయింటెనెన్స్ జరిగే చోటికి ఆయన రావడం నేను చూడటం అదే మొదలు. చేతులు వెనక్కి కట్టుకుని నా భుజం పక్కన నిలబడ్డాడు. టెక్నీషియన్ తలుపు దగ్గరికి జరిగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఇద్దరూ నా చేతులే చూస్తున్నారు.

మూత తెరిచాను. ముతక ఫిల్టర్ మీద ఏదో అతుక్కుని ఉంది. గోధుమరంగు, నలుపు కలిసిన ముద్ద. ఫోర్సెప్స్‌తో పట్టుకున్నాను. అదేమిటో నాకింకా తెలియలేదు.

"దొరికిందిగా!" అన్నాడు మేనేజరు నా వెనకనుంచి.

నేను తిరిగి చూశాను. నాకే తెలియని వస్తువు ఆయనకి ముందే తెలిసింది. ఆయన ముఖంలో భయం పోయి నవ్వు వచ్చింది. ఫోన్ తీసి ఫోటో కొట్టుకున్నాడు.

"ఇది గాజ్ పీసు. నిన్నటి ఆపరేషన్‌లో ఒకటి లెక్క తప్పింది. యంత్రమే పీల్చేసుకుంది, చూశారా. ఇక గొడవ లేదు. మధ్యాహ్నం సర్జన్‌గారి గదికి వచ్చి, మెయింటెనెన్స్ చేస్తుంటే దొరికిందని మీ నోటితో చెప్పండి, చాలు" అన్నాడు.

గాజ్ అంటే రక్తం అద్దే పల్చటి తెల్లగుడ్డ. పొట్ట కోసిన ఆపరేషన్‌లో బోలెడు వాడతారు. మూసేముందు నర్సు లెక్కపెడుతుంది. లోపలికి ఎన్ని వెళ్లాయో అన్నీ బయటికి రావాలి. ఒకటి రాలేదంటే అది రోగి కడుపులో ఉన్నట్టు. లోపలే ఉండిపోతే కుళ్లుతుంది, చీము పడుతుంది, మనిషి పోతాడు. థియేటర్లో పనిచేసేవాళ్లకి ఇంతకన్నా పెద్ద భయం లేదు.

ఫోర్సెప్స్‌తో పట్టుకున్న ఆ ముద్దని స్టీలు గిన్నెలో పెట్టి మూత వేశాను. "మధ్యాహ్నం దాకా ఇది నా దగ్గరే ఉంటుంది సాహెబ్" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. మేనేజరు ఒక క్షణం చూసి "మీ ఇష్టం" అని వెళ్లిపోయాడు. టెక్నీషియన్ కోసం చూస్తే అతను అప్పటికే లేడు.

నాకు లెక్క తేలిపోయినట్టే అనిపించింది. గాజ్ దొరకలేదు. రోగి కడుపులో ఉందంటే ఆసుపత్రి పరువు పోతుంది. అందుకని యంత్రంలో ఒకటి పెట్టి, నా చేత తీయించారు. పెట్టింది మేనేజరు కాదు, ఆయనకి మూత తెరవడం రాదు. నేను తెరుస్తుంటే పక్కన నిలబడి ఎన్నోసార్లు చూసినవాడు టెక్నీషియన్ ఒక్కడే. అందుకే యంత్రం అంత శుభ్రంగా తుడిచాడు. అందుకే తలెత్తలేదు.

అతని కూతురి పెళ్లిలో వడ్డించినవాణ్ణి నేను.

గిన్నె పట్టుకుని మెట్లు దిగుతుంటే నర్సు ఎదురైంది. నిన్నటి ఆపరేషన్‌లో లెక్కపెట్టింది ఆమే. తెలుగామె, బల్లార్‌పూర్‌లో గని కార్మికుల ఇళ్లలో పెరిగింది. నన్ను అన్నా అనేది. ఆ పొద్దున్నే ఆమెని థియేటర్ నుంచి తీసేసి జనరల్ వార్డులో వేశారట. ముఖం వాడిపోయి ఉంది.

"దొరికిందంటగా అన్నా?" అంది.

"దొరికింది."

"నువ్వు గూడ గట్లనే చెప్తవా, నిన్నటిదే అని?"

నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో నాకు ఆమె మీద కూడా అనుమానం వచ్చింది. ఒకటి తక్కువైందని అరిచింది ఈమే. అది యంత్రంలో దొరికితే ఈమె లెక్క సరైనదేనని తేలుతుంది, రోగికీ ప్రమాదం తప్పుతుంది. సంతోషించాల్సిన మనిషి ఎందుకిలా అడుగుతోంది?

"నిన్న ఏం జరిగిందో మొదటినుంచి చెప్పు చెల్లె" అన్నాను.

"ఏముందన్నా. చిన్న బొక్క వెట్టి చేసే దుర్బీన్ ఆపరేషన్ అని మొదలువెట్టిన్రు, పిత్తాశయంది. లోపల అంత అతుక్కుపోయి ఉండె. పొట్ట కోయవడ్డది. మస్తు రక్తం వోయింది. మూసేటప్పుడు లెక్కవెడితె ఒకటి తక్కువ. చెప్పిన. సర్జన్ సార్ రెండుసార్లు ఎతికిండు, అబద్ధమెందుకు, మంచిగనే ఎతికిండు. దొరకలే. ఎక్స్‌రే తీసిన్రు. ఏం కనవడలే. గంతల బీపీ పడిపోవట్టె. మత్తు మేడం ఇగ ఆగొద్దన్నది. నువ్వే మొదట్ల తప్పు లెక్కవెట్టినవ్ అని సార్ మూసేసిండు."

"ఎక్స్‌రేలో కనిపించాలి కదా? గాజ్‌లో నీలం దారం ఉంటుందిగా." ఎక్స్‌రేలో తెల్ల గీతలా కనబడటానికే ఆ దారం వేస్తారు.

"అవి అయిపోయినయన్నా! దారం లేనియే వాడినం నిన్న. ఎక్స్‌రే ఏం సూపిస్తది, నా మొకమా?"

గిన్నె వైపు చూసింది. "జర సూపియ్యి."

నేను మూత తీయలేదు. ఆమె నన్ను చూసి నెమ్మదిగా అంది, "నేను ముట్టనన్నా. దూరంకెల్లే సూస్త. నీకు నామీద గూడ అనుమానమే ఉన్నట్టుంది."

సిగ్గేసింది. మూత తీశాను. ఆమె వంగి చూసింది, చాలాసేపు. తర్వాత నిటారుగా నిలబడింది.

"ఎండిన అప్పడం తీరుగ ఉన్నది. నిన్నటియి రక్తంల, సెలైన్‌ల నానినయ్. ఒక్క పూటల గిట్ల అయితయా?"

అప్పుడు నేను కూడా సరిగ్గా చూశాను. అంతవరకూ దాన్ని పెట్టిన మనిషి గురించే ఆలోచిస్తున్నాను తప్ప ఆ గుడ్డని చూడనే లేదు. గట్టిగా, పెళుసుగా ఉంది. టీ వడకట్టే పాత గుడ్డలాగా పొగ మసి పొర మీద పొర పట్టి ఉంది. ఒక్క ఆపరేషన్ పొగకి అంత మసి పట్టదు.

మెట్ల మీదే కూర్చున్నాను. ఎవరో దొంగతనంగా పెట్టారనుకుంటే, అలా పెట్టేవాడు ఈ పాతగుడ్డ ఎక్కడినుంచి తెస్తాడు? కొత్తది తీసుకుని రక్తంలో ముంచి పెడతాడు. ఇది ఎవరూ పెట్టింది కాదు. ఎప్పుడో, ఏ ఆపరేషన్‌లోనో, జల్లెడ లేని గొట్టం పీల్చుకుంటే లోపలికి పోయింది. అప్పటినుంచీ అక్కడే ఉంది.

అంటే నిన్నటిది ఇంకా దొరకలేదు.

"విప్పి సూద్దమా, దారం ఉన్నదా లేదా?" అన్నాను. తొందరలో నాకూ మా ఇంటి మాటే వచ్చేసింది.

"వద్దన్నా" అంది ఆమె. "మనమిద్దరం ఈడ కూసోని విప్పితె, మనమే మార్చినమంటరు. సార్ ముందలనే విప్పాలె. ఆయన చేతులతోటి."

మధ్యాహ్నం దాకా ఆగలేదు. తిన్నగా సర్జన్ గది వైపు నడిచాను. దారిలో వార్డు ముందు రోగి భార్య బెంచీ మీద కూర్చుని ఉంది. ఉప్పర్వాహి నుంచి వచ్చారు. భర్త సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. నేను తెలుగులో ఫోన్ మాట్లాడటం అంతకుముందు విన్నట్టుంది, లేచి ఎదురొచ్చింది.

"సారూ, మీరు మనోళ్లేనా? పొద్దుగాలనుంచి గీ తలుపుల్లకెల్లి అందరు నన్ను సూసుకుంట పోతున్రు. ఎవ్వరు మాట్లాడరు. ఏమన్న దాస్తున్నరా?"

"నేను యంత్రాలు చూసేవాణ్ణమ్మా. డాక్టరుగారే చెప్తరు."

"గదే అందరు చెప్తున్నరు" అంది. ఆమె చూపు నా చేతిలో గిన్నె మీద పడింది. "గా గిన్నెల ఏమున్నది?"

నేను నడక ఆపలేదు. ఆ ప్రశ్న మాత్రం నా వెనకే వచ్చింది.

గదిలో సర్జన్, మత్తు డాక్టరమ్మ, మేనేజరు ఉన్నారు. మా మాటలన్నీ మరాఠీలో జరిగాయి, తెలుగులో రాస్తున్నాను. సర్జన్ మంచి చేయి ఉన్నవాడు. నోరు మాత్రం కరకు. ఆ రోజు ఆయన గడ్డం కూడా గీసుకోలేదు.

"ఇది నిన్నటిది కాదేమోనని అనుమానంగా ఉంది సార్" అన్నాను.

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "పొద్దున నా కళ్లముందే తీశారు!"

"తీశాను. అది నిన్నటిదని నేననలేదు."

సర్జన్ నా వెనక తలుపు దగ్గర నిలబడ్డ నర్సుని చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. "మీరిద్దరూ ఒకే ఊరా?"

"ఒకే భాష సార్. ఊళ్లు వేరు."

"ఆమె చెప్పమంటే చెబుతున్నారా?"

"ఆమె విప్పవద్దంది సార్. మీ చేతులతోనే విప్పించమంది."

ఆయన ముఖం కొంచెం మారింది. లేచి చేతికి గ్లవ్స్ వేసుకున్నాడు. గిన్నెలో సెలైన్ పోయించాడు. ముద్ద మెల్లగా నానింది. నీళ్లు టీ రంగుకి తిరిగాయి. ఫోర్సెప్స్‌తో ఒక్కో మడతా విప్పాడు. మూడో మడతలో, మసి కింద, సన్నగా నీలం దారం కనిపించింది.

"నిన్న వాడినవాటిలో దారం లేదు" అంది మత్తు డాక్టరమ్మ.

"లేదని ఎవరు చెప్పారు?" అన్నాడు మేనేజరు. "ఒకటి రెండు పాతవి కలిసిపోయి ఉండొచ్చు. నిన్నటివన్నీ చెత్త బండిలో వెళ్లిపోయాయి. ఇప్పుడెలా తెలుస్తుంది?"

మాట నిజమే. వాడిన గుడ్డలన్నీ పసుపు సంచిలో కట్టి పొద్దున్నే పంపేస్తారు.

"వెళ్లలేదు సాహెబ్" అన్న మాట తలుపు దగ్గరనుంచి వచ్చింది.

టెక్నీషియన్. అతని చేతిలో ముడి వేసిన పసుపు సంచి ఉంది. చెమట కారుతోంది.

"బండికి ఇవ్వలేదు. కడిగే గదిలో టబ్బు కింద దాచాను."

"ఎందుకు?" మేనేజరు గొంతు పెద్దదైంది. "పంపేయమని నేను చెప్పానా లేదా?"

"చెప్పారు. సిస్టర్ తక్కువైందంటుంటే ఎలా పంపను? రేపు ఎవరైనా అడిగితే?" నా వైపు చూడకుండానే అన్నాడు.

కింద ప్లాస్టిక్ పరిచి, సర్జనే మోకాళ్ల మీద కూర్చుని సంచి విప్పాడు. నర్సుని లోపలికి పిలిచి పక్కన కూర్చోమన్నాడు. ఇద్దరూ ఒక్కో గుడ్డా పరిచారు. ఏ ఒక్కదానిలోనూ దారం లేదు. అన్నీ పరిచాక ఆమె లెక్కపెట్టింది. ఆయనా లెక్కపెట్టాడు. మళ్లీ ఆయనే ఇంకోసారి పెట్టాడు.

"ఒకటి తక్కువ" అన్నాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆయన లేచి నిలబడ్డాక వెంటనే పరుగెత్తలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ ఉండిపోయాడు. నిన్న కోసి కుట్టిన మనిషి, ఒళ్లు ఇంకా బలహీనం, పొద్దున్నుంచి వెచ్చగా ఉంది. మళ్లీ మత్తు ఇచ్చి, మళ్లీ కోసి, లోపల ఏమీ లేకపోతే? ఆ మనిషి బల్లమీదే పోతే? సోనోగ్రఫీ అప్పటికే చేశారు. కట్టు కింద, గాలి నిండిన పేగుల మధ్య ఏమీ తేల్చలేమన్నారు. అనుమానపడటం నాకు తేలిక. ఆ అనుమానం మీద కత్తి పట్టుకోవాల్సింది ఆయన.

"థియేటర్ సిద్ధం చేయండి" అన్నాడు చివరికి. "రోగి భార్యని పిలవండి."

ఆమెకి ఆయన దాచకుండా చెప్పాడు. మరాఠీ ఆమెకి వచ్చు. అయినా మొత్తం విని నా వైపు తిరిగింది. "నిజం జెప్పు సారూ. లోపల గుడ్డ ఇడిసిపెట్టిన్రా?"

"ఉన్నట్టే అనుమానం అమ్మా. తీస్తనంటున్నరు."

ఆమె సర్జన్‌ని తిట్టలేదు. కొంగు నడుముకి బిగించింది. "గా గిన్నెల ఏమున్నదంటె పొద్దుగాల జెప్పకపోతివి" అంది నాతో. తర్వాత ఆయనతో మరాఠీలో, "తీయండి. తీసి నాకు చూపించండి. చూపించకపోతే నమ్మను" అంది.

ఆయన తలూపాడు.

"నిన్న లెక్కపెట్టిన సిస్టర్‌నే రమ్మనండి" అని కూడా ఆయనే అన్నాడు. పొగ యంత్రానికి కొత్త ఫిల్టర్ వేశాను. జల్లెడ లేదు కనుక గొట్టం మూతికి నర్సే సన్నటి వల గుడ్డ కట్టింది. నన్ను యంత్రం పక్కనే ఉండమన్నారు. పచ్చ బట్టలు, మాస్కు వేసుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎన్నో ఏళ్లు ఆ గదిలో యంత్రాలు బాగుచేశాను. ఆపరేషన్ జరుగుతుంటే అంతసేపు ఉన్నది మాత్రం అదే మొదలు.

కుట్లు విప్పారు. మోటారు హోరు తప్ప శబ్దం లేదు. మత్తు డాక్టరమ్మ బీపీ చదువుతోంది. ఆయన చేయి కాలేయం కిందికి వెళ్లింది. వెతుకుతున్నాడు. చాలాసేపు వెతికాడు. ఉండదేమో అనిపించింది. నా అనుమానంతో, నర్సు లెక్కతో కలిపి ఒక మనిషిని అనవసరంగా కోయించామా అనిపించింది. గోడ చల్లగా ఉంది, నా వీపు మాత్రం తడిసిపోయింది.

ఆయన చేయి ఆగింది. వెలికి వచ్చింది. వేళ్ల మధ్య, పైత్యరసంతో పచ్చబడిన చిన్న గుడ్డ ముద్ద.

నర్సు పట్టుకున్న ట్రేలో పెట్టాడు. ఆమె విప్పి పరిచింది. దారం లేదు.

"పూర్తి" అంది. మాట మాస్కు దాటలేదు.

"గట్టిగా చెప్పండి సిస్టర్."

"పూర్తయింది సార్."

అప్పుడు కుట్టడం మొదలుపెట్టాడు. బయటికి వచ్చాక ఆ గుడ్డని ట్రేలోనే తీసుకెళ్లి రోగి భార్యకి చూపించాడు. ఆమె దాన్ని తదేకంగా చూసి, "గింత గుడ్డకా" అని తెలుగులో అంది. ఆయనకి అర్థం కాలేదు. నన్నేం అడగనూ లేదు.

ఆ మనిషి కొన్నాళ్లు ఇబ్బందిపడ్డాడు. తర్వాత కోలుకుని తన కాళ్లమీద నడిచి ఉప్పర్వాహి బస్సెక్కాడు.

తర్వాత ఒక్కొక్కటే తెలిసింది. యంత్రం తెరిపించమన్నది సర్జనే. రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే, గొట్టం ఏమైనా పీల్చుకుందేమోనని తోచిందట. తెల్లవారగానే మేనేజరుకి చెప్పాడు. చూడాల్సిన చోటు అదేనని మేనేజరు ముందే అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ మేనేజరు ఊళ్లో పొక్కుతుందని భయపడి, "మామూలు మెయింటెనెన్స్" అని నాకు చెప్పాడు. టెక్నీషియన్‌కి నోరు మూసుకోమన్నాడు. సంగతి ఇదని నాతో ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను సగం రోజు మనుషుల మీద కాక గుడ్డ మీదే కళ్లు పెట్టేవాణ్ణి. దాచిపెట్టడం వల్ల ఆ పూట ఒక్క రహస్యం కూడా దాగలేదు. అందరూ అందరికీ దొంగల్లా కనిపించారు, అంతే.

కొద్దిరోజుల తర్వాత టెక్నీషియన్ వర్క్‌షాపుకి వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆ రోజు నేనే పెట్టాననుకున్నావు కదా భావూ?"

దాచాలనిపించలేదు. "అవును."

"యంత్రం తుడిచానని?"

"తుడిచావని, తలెత్తలేదని."

"రక్తం చిందితే తుడిచాను. తలెలా ఎత్తను? సంచి దాచి వచ్చాను. నువ్వు ఒక్క మాట గట్టిగా అడిగితే కక్కేసేవాణ్ణి." స్టూలు ఇంకాస్త దగ్గరికి జరిపాడు. "నేనూ నిన్ను అనుమానించాను. సాహెబ్ చెప్పమన్నట్టే చెబుతావని. నువ్వు అలా చెబితే సంచి తీసుకెళ్లి సిస్టర్‌కే ఇచ్చేద్దామనుకున్నాను. అందుకే నీకు చెప్పలేదు."

ఇద్దరం నవ్వాం గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మేం విడిపోలేదు, నేను పదవీ విరమణ చేసేదాకా కలిసే పనిచేశాం. అయినా ఏదైనా విషయం అతను నాకు ఆలస్యంగా చెప్పినప్పుడల్లా, ఎందుకు ఆలస్యమైందా అని నాలో ఒకడు లెక్కలు వేసేవాడు. అతనిలోనూ ఒకడు ఉండే ఉంటాడు.

ఆ వారం చివర సర్జన్ థియేటర్ వాళ్లందర్నీ పిలిచాడు. నర్సులు, టెక్నీషియన్లు, మత్తు డాక్టరమ్మ, నేను. బల్లమీద ఒక చిన్న గాజు సీసా పెట్టాడు. అందులో ఆ నీలం దారం గుడ్డ ఉంది.

"నిన్నమొన్నటి గుడ్డ సంగతి తేలింది. ఇది ఎవరిది?" అన్నాడు.

అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరమూ అడగలేదు. నేను చివరిసారి మూత తెరిచిన తర్వాత ఏదో ఒక ఆపరేషన్‌లో అది గొట్టంలోకి వెళ్లింది. ఆ రోజు మూసేముందు ఎవరో లెక్కపెట్టారు, ఒకటి తక్కువ వచ్చి ఉండాలి. అయినా "పూర్తి" అన్నారు. లేదా లెక్కపెట్టకుండానే అన్నారు. ఇంకెవరో తొందరపెట్టారు, ఇంకెవరో నమ్మారు. ఆ రోగి అదృష్టం బాగుండి గుడ్డ కడుపులో కాక యంత్రంలోకి పోయింది. తనకి ఏం తప్పిందో ఆ మనిషికి ఈనాటికీ తెలియదు. చంద్రపూర్ వీధుల్లో ఎక్కడో తిరుగుతూ ఉంటాడు.

మాస్కులు గడ్డం కిందికి లాక్కుని ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ప్రతి ముఖమూ అనుమానంగానే కనిపించింది. ఎవరు ముందు కళ్లు దించుతారా అని అందరం చూస్తున్నాం.

నర్సే ముందు నోరు తెరిచింది. "నాది గూడ కావచ్చు సార్" అంది, తొందరలో తెలుగులోనే. తర్వాత మరాఠీలో మళ్లీ చెప్పింది. "అన్ని ఆపరేషన్లలో నేను మొన్నటిలా అరిచానని చెప్పలేను."

ఆ గదిలో ఆ రోజు నిర్దోషి అని తేలిన మనిషి ఆమె ఒక్కతే.

సర్జన్ సీసా చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. "నాది కూడా కావచ్చు" అన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే కళ్లు దించడం మొదలుపెట్టారు.